భూతద్దం తప్పించిన అనుమానితురాలు

ఆ వీధిలో లాప్‌టాప్‌లు బాగుచేసే ఆవిడను అందరూ భూతద్దం అంటారు. కంటికి ఎప్పుడూ భూతద్దం ఉంటుందని కొందరు, మనుషుల్ని కూడా దాంతోనే చూస్తుందని కొందరు. ఏ యంత్రమూ నిజం చెప్పదు, తెచ్చినవాళ్లు అసలే చెప్పరు అన్నది ఆమె నమ్మకం.

ఆ మధ్యాహ్నం ఆ అనుమానం ఇంటి మనిషి మీదికే మళ్లింది.

సంగీతం టీచరు లాప్‌టాప్ పెనంలా కాలుతోందని ముందురోజు తెచ్చింది. భూతద్దం మరిది వెనక మూత విప్పి ఫ్యానులో దుమ్ము దులిపాడు. తర్వాత ఆమె ప్రాసెసరుకు అందే వోల్టేజీని తగ్గించింది. వేగం పోకుండా వేడి తగ్గించే ఉపాయం అది. గంటసేపు బరువైన పని పెట్టి చూస్తే ఎక్కడా ఆగలేదు. తృప్తిగా మూత వాల్చి వెళ్లిపోయింది.

ఇవాళ తెరిస్తే వైఫై లేదు. లోపలి భాగాల జాబితాలో వైఫై కార్డు పేరే లేదు. నాలుగింటికి టీచరు ఆన్‌లైన్ పాఠం చెప్పాలి. అప్పటికే మూడు దాటింది.

"మూత విప్పింది నువ్వే కదా," అంది, మరిది వంక చూడకుండా.

"నేనే వదినా. దుమ్ము తప్ప ఏమీ తీయలేదు."

"నిన్న నీ స్నేహితుడెవరో వైఫై కార్డు కావాలని వచ్చాడు."

మరిది స్క్రూడ్రైవర్‌ను మెల్లగా బల్ల మీద పెట్టాడు. "ఆ మాటేదో పూర్తిగా అను."

అనని మాట ఇద్దరి మధ్యా వేడెక్కుతూ ఉండిపోయింది.

"ఆరేళ్లు నీ పక్కన కూర్చున్నాను," అన్నాడతను సంచీ భుజాన వేసుకుంటూ. "రేపట్నుంచి ఎందుకు రావడం లేదో అన్నయ్యకు నువ్వే చెప్పుకో." వెళ్లి బయటి మెట్టు మీద చెప్పులు వెతుక్కోసాగాడు.

ఆమె వెనక మూత విప్పింది. కార్డు అక్కడే ఉంది. దాని స్క్రూ చుట్టూ ఏళ్లనాటి సన్నని దుమ్ము, చెదరని నిద్రలా. ఎవరి వేలూ దాన్ని తాకలేదు. దొంగ దొరకలేదని ముందు నిరాశ కలిగింది. ఆ నిరాశకు తర్వాత సిగ్గేసింది.

ఇక మిగిలింది వోల్టేజీకి తను పెట్టిన అంకె ఒక్కటే. యంత్రం మెలకువగా ఉన్నప్పుడే పరీక్షించింది, మూత వాల్చి నిద్రపుచ్చి, మళ్లీ లేపి చూడలేదు. వోల్టేజీని మామూలు చేసి, బ్యాటరీ తీగ ఊడదీసి, లోపల మిగిలిన కరెంటు పోయేలా పవర్ బటన్ అర నిమిషం నొక్కిపట్టింది. మళ్లీ తీగ తగిలించి ఆన్ చేస్తే వైఫై తిరిగొచ్చింది. నిన్నటి అంకెనే పెట్టి మూత వాల్చి తెరిచింది. తెర బిగుసుకుపోయింది, కార్డు మళ్లీ మాయం. కార్డును మళ్లీ అలాగే తిరిగి రప్పించి, ఈసారి వోల్టేజీని సగమే తగ్గించింది. మూడుసార్లు నిద్రపుచ్చింది, మూడుసార్లూ చక్కగా లేచింది.

మెట్టు దగ్గరికి వెళ్లింది. మరిది చెప్పులు ముందు పెట్టుకుని ఇంకా అక్కడే కూర్చున్నాడు. "తప్పు ఆ అంకెది."

"అంకెదా?"

"నాది."

అతను చెప్పులు వేసుకోనూ లేదు, విడవనూ లేదు. అంతలో టీచరు వచ్చింది. "దొరికిందా జబ్బు?"

"నేను వోల్టేజీ మరీ తగ్గించాను," అంది భూతద్దం. ఇన్నేళ్లలో ఏ గిరాకీకీ చెప్పని మాట. "మా మరిది తప్పేం లేదు."

"ఆయన తప్పని ఎవరన్నారు?" అంది టీచరు అమాయకంగా.

మరిది లోపలికొచ్చి సంచీ దించాడు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు, ఆమె బల్లకు రెండు మూరలు ఎడంగా.