ఇంజన్ ఆగాక ఒక చప్పుడు

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూస్తాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి నొక్కుకుని, కళ్లు మూసుకుని వింటాడు. ఆ సమయంలో పక్కనున్నవాళ్లు నోరు తెరిచారంటే వాళ్లకు చీవాట్లు తప్పవు. ఇంట్లో మిక్సీ వేస్తే ఆ రొద భరించలేక వీధిలోకి వెళ్లిపోతాడు. అంత పదునైన చెవులకు పెళ్లాం పిలుపు మాత్రం ఎందుకు ఆనదో ఇంతవరకూ ఎవరికీ అంతుపట్టలేదు.

ఈ విద్య ఆయనకు అబ్బింది బావ దగ్గర, అంటే అక్క మొగుడి దగ్గర. బావ ఎడమచేతి వాటం మనిషి. ఆయన కారు కింద దూరితే ఈయన బానెట్ ఎత్తి నిలబడేవాడు, ఇద్దరూ రోజంతా ఒకరినొకరు తిట్టుకుంటూ పని చేసేవాళ్లు. పోయిన ఏడాది బావ ఉన్నట్టుండి పోయాడు. అప్పటి నుంచి షెడ్డులో మేస్త్రి ఒక్కడే. బావ పని చొక్కా మేకుకే వేలాడుతోంది. దాన్ని తీసే ధైర్యం ఆయనకు లేదు.

వాన పట్టిన ఒక మధ్యాహ్నం ఆ బావ కారే షెడ్డు ముందుకొచ్చి ఆగింది. ఆయన పోయినప్పటి నుంచి ఇంటి వెనక రేకుల కింద టార్పాలిన్ కప్పుకుని పడి ఉన్న పాత కారు. తోలుకొచ్చింది మేనకోడలు. నర్సు ఉద్యోగం వచ్చింది, కొండ అవతలి ఆసుపత్రిలో. తెల్లారేసరికి అక్కడ ఉండాలి. వెనక సీటు నిండా సామాను, పక్క సీట్లో అక్క.

"మామయ్యా, నిన్న స్టార్ట్ చేసినప్పటి నుంచి లోపల ఏదో గలగలమంటోంది. కొండ రోడ్డు ఎక్కించాలంటే భయంగా ఉంది. కాస్త చూసి పంపు."

"కాస్త చూడటం నాకు రాదమ్మా. చూస్తే పూర్తిగా చూస్తా. అక్కా, దిగు."

అక్క దిగలేదు. "దాన్నేం చెయ్యకురా తమ్ముడూ. ఆ చప్పుడు అలాగే ఉండనీ" అంది, అద్దంలోంచి ముందుకే చూస్తూ.

అక్కకు బండ్ల సంగతి ఏం తెలుసులే అనుకుని ఆయన బానెట్ ఎత్తాడు. మేనకోడలు ఇంజన్ స్టార్ట్ చేసింది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

ఇంజన్‌లో పుట్టిన చప్పుడు ఏదైనా ఇంజన్ మాట వింటుంది. జోరు పెంచితే అదీ పరిగెడుతుంది, తగ్గిస్తే అదీ నెమ్మదిస్తుంది. ఇది వినడం లేదు. ఇంజన్ నిదానంగా తిరుగుతుంటే గలగలా కొట్టుకుంటోంది, జోరు పెంచగానే నోరు మూసుకుంటోంది. మళ్లీ తగ్గిస్తే, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి ఆగి మొదలుపెడుతోంది. వాల్వుల దగ్గర విన్నాడు, చైన్ దగ్గర విన్నాడు, ఫ్యాన్ బెల్టు తీసేసి మరీ విన్నాడు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. ఇన్నేళ్లలో ఇంజన్‌తో సంబంధం లేని చప్పుడు ఇంజన్ దగ్గర వినడం ఆయనకు ఇదే మొదలు.

"ఆపమ్మా."

ఇంజన్ ఒకసారి వణికి ఆగిపోయింది. వాన కూడా తెరిపిచ్చింది. అప్పుడు ఆగిన ఇంజన్ వెనక నుంచి టక్కుమని ఒక చప్పుడు. కాసేపాగి, ఇంకా మెల్లిగా, మరొకటి.

మేనకోడలు చటుక్కున స్టీరింగ్ మీంచి చేతులు తీసేసింది. "నేనేం ముట్టుకోలేదు మామయ్యా!"

"నిన్నా అంతే" అంది అక్క, నింపాదిగా. "మీ బావ తలుపు తట్టేది గుర్తులేదూ? ఒకసారి గట్టిగా. మేం నిద్రపోతున్నామేమోనని రెండోది మెల్లిగా."

ఆ తట్టు మేస్త్రికీ గుర్తుంది. "బావకి ఉక్కపోత పడదే అక్కా, పోయి పోయి ఇంజన్‌లో కూర్చుంటాడా?" అని నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు.

ఇంజన్ చల్లారేదాకా ఆగి, దాని వెనక ఉన్న సందులో చెయ్యి పెట్టాడు. టార్చి వెలుతురు పడని చోటు. మోచేతి దాకా దూర్చి తడుముతుంటే చిన్నది, గట్టిది ఏదో వేలికి తగిలి పక్కకు తప్పుకుంది. తప్పుకున్నది తిరిగొచ్చి వేలిని తాకింది. ఆయన చెయ్యి లాగేసుకున్నాడు. మేకుకున్న బావ చొక్కా వైపు ఒకసారి చూసి, సిగ్గుపడి, మళ్లీ చెయ్యి పెట్టాడు. ఈసారి పట్టుకుని కటింగ్ ప్లేయరుతో కత్తిరించి బయటికి తీశాడు.

జానెడు ఇనుప తీగ, దాని చివర ఒక నట్టు. తీగని పైన ఒక పైపుకి వేలాడదీస్తే, నట్టు ఊగి ఊగి పొగగొట్టం మీది రేకుకు కొట్టుకుంటోంది. ఇంజన్ ఆగాక చివరి ఊపుకి ఒకటి రెండు దెబ్బలు. అంతే సంగతి. కానీ మేస్త్రి గుండె కుదుటపడలేదు. తీగ మెలికలు వెనక్కి తిరిగి ఉన్నాయి. అలా మెలిపెట్టే చెయ్యి ఆ షెడ్డులో ఒకటే ఉండేది.

"ఏంటి మామయ్యా అది?"

"మీ నాన్న కట్టిందమ్మా. పని సగంలో వదిలి ఎక్కడికైనా వెళ్లాలంటే బండిలో చప్పుడయ్యే చోట నట్టు కట్టేవాడు. తెలియక ఎవరైనా బండి తీస్తే, ఆ మోతకి భయపడి ఆపేస్తారని. 'మనం లేనప్పుడు బండే మాట్లాడాలిరా బామ్మర్దీ' అనేవాడు." చేతిలోని తీగని మళ్లీ ఒకసారి తిప్పి చూశాడు. "అంటే ఈ కారులో ఏదో పని సగంలో ఉంది."

"ఏ పని?"

అది చెప్పగలిగిన మనిషి లేడు. మేస్త్రి అక్క వైపు తిరిగాడు. "ఆ రోజు బావ ఏం చేశాడే?"

"పొద్దున్నంతా కారు కిందే ఉన్నాడు. మధ్యాహ్నం చేతులు కడుక్కుని, షాపుకెళ్లొస్తానని చొక్కా మార్చుకున్నాడు. చెప్పులేసుకుందామని గుమ్మంలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే..."

"షాపుకి ఎందుకు?"

"అడగలేదురా. వచ్చాక చెప్తాడులే అనుకున్నా."

మేస్త్రి ఇద్దర్నీ దింపి, కారుని జాకీల మీద ఎత్తి కిందకు దూరాడు. బ్రేకులు చూశాడు, గొట్టాలు చూశాడు, చక్రాలు ఊపి చూశాడు. స్టీరింగ్ కడ్డీల మీద బురద, గ్రీజు అట్టలు కట్టి ఉన్నాయి, అయినా ప్రతి కీలు దగ్గరా నట్టు ఉంది. పైకొచ్చి ఇంజన్ స్టార్ట్ చేయించాడు. ఇప్పుడు చప్పుడు లేదు, కొత్త కారు కూడా అంత మెత్తగా తిరగదు. ఆ మెత్తదనమే ఆయన్ని భయపెట్టింది. హెచ్చరించే గొంతుని తన చేత్తోనే కోసేసినట్టు అనిపించింది.

"బానే ఉంది కదా మామయ్యా. వెలుతురుండగానే కొండ దాటేస్తాం" అంది మేనకోడలు.

ఆ పిల్ల తొందరలో తప్పులేదు. ఆయనకూ ఒక్క క్షణం పంపేద్దామనే అనిపించింది. సరే అనబోతూ, నట్టుని పాత సామాన్ల డబ్బాలో పడేద్దామని చెయ్యెత్తాడు. బొటనవేలికి నట్టు అంచులో గాట్లు తగిలాయి.

మేస్త్రి ఎప్పుడూ చేతికందిన నట్టు ఏదో ఒకటి కట్టేవాడు. అందుకు బావ ఎన్నోసార్లు తిట్టాడు కూడా. 'ఏ పని ఆగిందో ఆ పని నట్టే కట్టాలిరా సోమరీ! ఎవడైనా చూస్తే ఎక్కడ వెతకాలో తెలియాలి.' ఈయన ఆ తిట్టు మర్చిపోయి, బావ కూడా తనలాగే కట్టి ఉంటాడనుకున్నాడు. గాట్ల నట్టు మామూలు చోట్ల వాడరు. ఊడిపోకుండా అడ్డంగా పిన్ను దోపాల్సిన చోట వాడతారు. ఈ కారులో అలాంటివి స్టీరింగ్ కీళ్ల దగ్గరే ఉన్నాయి.

కానీ అక్కడ అన్నిటికీ నట్లున్నాయి కదా! మళ్లీ కిందకు దూరాడు. ఈసారి కళ్లను నమ్మలేదు. బురద గోకి ఒక్కో కీలునీ వేళ్లతో తడిమాడు. గాట్లు, పిన్ను. గాట్లు, పిన్ను. కుడి చక్రం పక్కన ఉన్నదానికి గాట్లు లేవు, పిన్నూ లేదు. కారుని రేకుల కిందకు నెట్టడానికి బావ తాత్కాలికంగా తొడిగిన మామూలు నట్టు అది. రెండు వేళ్లతో తిప్పితే తిరిగింది. ఇంకోసారి తిప్పితే ఊడి అరచేతిలో పడింది.

కొండ మలుపుల కుదుపుకి అదే ఊడి పడేది. ఆ పిల్ల స్టీరింగ్ ఒకవైపు తిప్పితే చక్రం ఇంకోవైపు పోయేది. పక్క సీట్లో అక్క. మేస్త్రి కారు కిందే వెల్లకిలా పడుకుని, నోటికి చొక్కా అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

తర్వాత బావ నట్టుని తుడిచి దాని చోట్లో బిగించాడు. బావ తేలేకపోయిన పిన్ను తన డబ్బాలోంచి తీసి దోపి, కొసలు వంచాడు. కారుని జాకీల మీంచి దించి, తనే వీధి చివరిదాకా తోలి, ప్రతి గుంటలోనూ దించి తెచ్చాడు. షెడ్డు ముందు ఇంజన్ ఆపాడు. ముగ్గురూ చెవులు రిక్కించారు. ఏ చప్పుడూ రాలేదు.

"ఆ నట్టేదిరా?" అంది అక్క. "ఇలా ఇవ్వు, దాచుకుంటా."

"ఇవ్వలేనక్కా. చక్రం దగ్గర బిగించేశా. దాని చోటు అదే."

"అయితే ఇక మోగదా?"

"మోగదు. మిమ్మల్ని పట్టుకుని ఉంటుంది."

అక్క చాలాసేపు బానెట్ వైపే చూసింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, కారెక్కి సీటు బెల్టు పెట్టుకుంది.