హస్తవాసి కాదు

మా బాన్సువాడ సర్కారు దవాఖానలో వందల కాన్పులు చేసిన నర్సమ్మ మొన్న సోమవారం పోయింది. ఆమె ఇంటి ముందు కుర్చీల్లో కూర్చున్నవాళ్లందరిదీ ఒకటే మాట: "ఆమె హస్తవాసి మంచిది." మా వియ్యపురాలు అందరికంటే గట్టిగా అంది. నాకు ఒళ్లు మండింది. వాసి ఏమిటి? ఆ చేతులకు చదువుంది. ఒప్పుకోవడానికే మనకు నోరు రాదు.

ఏళ్ల కిందట నా కూతురి తొలికాన్పప్పుడు నేను తలుపు బయటే ఉన్నాను; లోపలి సంగతి తర్వాత కూతురే చెప్పింది. బిడ్డ తల బయటికి వచ్చి, తాబేలు తలలా వెనక్కి లాక్కుంది. భుజం తల్లి ఎముక వెనక చిక్కుకుంది. నర్సమ్మ గడియారం చూసి టైము గట్టిగా చెప్పింది. అది ఆమె అలవాటు. పక్కనే ఉన్న వియ్యపురాలు, వాళ్లింటి ఆనవాయితీగా, కడుపును పైనుంచి కిందికి నెట్టబోయింది.

"అక్కా, చెయ్యి తియ్! పైకెల్లి వత్తితే భుజం ఇంకా బిగుస్తది."

"నలుగురిని కన్న. నాకే చెప్తున్నవా?"

"కన్నవు గానీ, ఒక్క కాన్పన్న చూసినవా? ఇగ ఆ కాలు పట్టు, మోకాలు కడుపుకానియ్."

నర్సమ్మ బిడ్డ తల పట్టి గుంజలేదు. పొత్తికడుపు కింద, ఎముకకు కాస్త పైన, తోటి నర్సుతో పక్కకు నొక్కించింది. అయినా కదల్లేదు. లోపలికి చెయ్యి పోనిచ్చి బిడ్డ వెనక చేతిని ముందు తీసింది. దాని వెంటే బిడ్డ వచ్చింది, ఏడ్చింది. కానీ ఆ చేతి ఎముక విరిగింది. ఆమె దాచలేదు, తనే బయటికొచ్చి నాకు చెప్పింది.

"సారూ, ఎముక అతుకుతది. ఇంకింత ఆలస్యమైతే పానమే దక్కకపోతుండె."

మర్నాడు వియ్యపురాలు నర్సమ్మ మీద ఫిర్యాదు పెట్టాల్సిందేనని కూర్చుంది. రాసింది నేనే. ఇంటినిండా పుస్తకాలున్నవాణ్ణి, ఒక్క పేజీ తిప్పి చూడలేదు. కూతురి కాపురానికి భయపడ్డాను. వాక్యాలు మాత్రం బాగా కుదిరాయి. నర్సమ్మను జుక్కల్ దిక్కు బదిలీ చేసి పంపేశారు. నెల తిరిగేసరికి ఎముక అతికింది. ఆ కాగితం వెనక్కి తీసుకోవాలని నాకు తోచింది. తీసుకోలేదు. ఉద్యోగం అయిపోయాకే ఆమె తిరిగి ఊరికొచ్చింది.

మొన్న అందరి ముందూ ఇదంతా చెప్పేశాను.

"సచ్చిన దినం నాడు గవన్నెందుకే అన్నా?" అంది వియ్యపురాలు.

"బతికినన్ని దినాలు నువ్వూ చెప్పలే, నేనూ చెప్పలే, చెల్లే," అన్నాను.

ఆనాడు బదిలీ మీద నర్సమ్మ ఊరు విడిచిన రోజు బస్టాండుకు అవతల నిలబడి చూశాను. సాగనంపడానికొచ్చిన కొత్త నర్సుకు, బట్టల సంచిని కడుపులా బెంచీ మీద ఆనించి, భుజం చిక్కితే ఎక్కడ నొక్కాలో పాఠం చెబుతోంది. జనం నవ్వుతున్నారు. "ఎక్కుతవా లేదా అమ్మా?" అని కండక్టరు కేకేశాడు. ఆమె వినలేదు. ఆ పిల్ల అరచేతిని సంచి మీది నుంచి కిందికి జరిపి, ఉండాల్సిన చోట ఆనించి, తన చెయ్యి తీసేసింది.