చెయ్యి ఆపకుండా కన్న కల

పత్తి తీతకు వెళ్లే రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. మంచు ఆరగానే చేలోకి దిగేవాళ్లం. నడుముకు కట్టుకున్న ఒడి కాస్త బరువెక్కేసరికి నేను అక్కడ ఉండేదాన్ని కాదు. తెల్లగా విచ్చుకున్న కాయల్ని చూస్తూ చూస్తూ ఎటో జారిపోయేదాన్ని. ఆ కలలో నా ఒంటిమీద ఖాకీ చొక్కా ఉండేది. బూట్లు టకటకలాడిస్తూ వస్తుంటే మా పేట పేటంతా గుమ్మాల్లోకి వచ్చి చూసేది. సరిగ్గా అప్పుడే పక్క సాల్లోంచి ఎవరో ఒకరు అరిచేవారు.

"ఏందే పిల్లా, చెట్టుకు దణ్ణం పెడతన్నావా?"

ముఠా అంతా గొల్లున నవ్వేది. నాకు ఒళ్లు మండిపోయేది. అందరూ సాలు చివరికి చేరుతుంటే నేను సగంలోనే ఉండేదాన్ని మరి.

అమ్మ మాత్రం నవ్వేది కాదు. ఒకరోజు నా పక్క సాల్లోకి మారి, పత్తి తీస్తూనే అడిగింది.

"ఏం కలగంటన్నావే రోజూ?"

కానిస్టేబులునవుతానని చెప్పాను. చెప్పగానే సిగ్గేసింది. అమ్మ పత్తి తీస్తూ ముందుకు జరిగింది. రెండు చెట్లు దాటాక, నా వైపు చూడకుండానే అంది.

"కను. కలగన్నంత మాత్రాన కూలి పోదు. చెయ్యాపితేనే పోద్ది."

ఆ తర్వాత పట్టుదల గురించి, లక్ష్యం గురించి చాలా పెద్ద మాటలే విన్నాను. మా కోచింగ్ సెంటరు గోడల నిండా అవే. ఒక్కటీ నాకు అంటుకోలేదు. అమ్మ మాట మాత్రం జుట్టుకు పత్తి పోగు అంటుకున్నట్టు అంటుకుపోయింది. కల మానలేదు నేను. చేతుల్ని వాటి దారిన వదిలేసి కలగనడం నేర్చుకున్నాను. ఆ ఏడు నుంచి నా సాలు వెనకబడలేదు.

మొదటిసారి కానిస్టేబులు రాతపరీక్ష గట్టెక్కాను గానీ పరుగు దగ్గర తన్నేసింది. గ్రౌండు చుట్టూ నాలుగు రౌండ్లు. చివరి రౌండులో ఆయాసమొచ్చి నిలబడ్డాను. నిలబడ్డాక కాళ్లు మళ్లీ కదల్లేదు. ఇంకొక్కసారి రాయడానికే నాకు వయసు మిగిలింది. అదీ పోతే జీవితమంతా వేరేవాళ్ల చేలల్లోనే.

అందుకే ఆ ఏడంతా తెల్లవారుతుండగా మిరప కల్లాల మధ్య బాట మీద పరిగెత్తాను. వేసవి వచ్చేసరికి బాటకు రెండువైపులా ఎండబోసిన కాయలు. పొద్దు పొడిచేటప్పుడు నేల ఎరుపు, ఆకాశం ఎరుపు. ఎక్కడ పరిగెత్తుతున్నానో తెలిసేది కాదు. ఆ ఘాటు గుండెలనిండా పీల్చుకుని పరిగెత్తుతుంటే, నిద్రలోంచి ఇంకా లేవనేలేదేమో అనిపించేది. అంత సుఖం మళ్లీ ఎరగను.

ఆ రోజుల్లో అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఘాటు ఆపడానికి ముక్కుకు గుడ్డ కట్టుకునేది. రెండోసారీ రాతపరీక్ష గట్టెక్కాను. పరుగు రోజున గుంటూరు గ్రౌండు గేటు దగ్గర సంచిలోంచి ఆ గుడ్డే తీసి నా మణికట్టుకు కట్టింది. దాన్ని రెండుసార్లు సబ్బుపెట్టి ఉతికిందట. ఆదివారం చర్చిలో పాస్టరమ్మ గారి చేత దాని మీద ప్రార్థన కూడా చేయించిందట.

"చెమట పడితే తుడుచుకో. ప్రభువు తోడుంటాడు, పో."

మిరప పనిచేసే ఇళ్లలో పనిగుడ్డను మొహం దాకా రానివ్వరు. ఎంత ఉతికినా కారం వదలదు, తడి తగిలితే చాలు మేలుకుంటుంది. ఈ సంగతి చిన్నపిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. ప్రార్థన చేయించాక అది మాకు పనిగుడ్డలా కనపడలేదు, అంతే.

మూడో రౌండు మధ్యలో చెమట కళ్లలోకి దిగింది. తుడుచుకున్నాను.

నిప్పు పెట్టినట్టయింది. కళ్లు మూసుకుపోయాయి. ఇక అయిపోయిందనుకున్నాను. నిలబడితే కాళ్లు మళ్లీ కదలవని నాకు తెలుసు. రెప్ప ఒక్క క్షణం తెరిచి, కింద సున్నంతో గీసిన గీత చూసుకుని, మళ్లీ మూసుకున్నాను. రెప్పల వెనక అంతా ఎరుపు, మా కల్లాల ఎరుపు. అందులోంచి మెల్లగా తెల్లటివి విచ్చుకోసాగాయి. పత్తి చేను! ఒకప్పుడు చేలో నిలబడి ఖాకీని కలగన్నదాన్ని, ఖాకీ కోసం పరిగెత్తుతూ చేనును కలగంటున్నాను. పక్క సాల్లో అమ్మ ఉంది. పత్తి తీస్తూ నాతోపాటు నడుస్తోంది. నేను మధ్యమధ్య రెప్ప తెరిచి చూసుకుంటూ, సున్నపు గీతను సాలనుకుని దాని వెంబడే పోయాను. ఎంతసేపో తెలియదు.

ఎవరో భుజం పట్టుకుని ఆపారు. "అయిపోయిందమ్మా, ఆగు. క్వాలిఫై అయ్యావు."

గేటు బయట అమ్మ నా ఎర్రటి కళ్లు చూసి హడలిపోయింది.

"ఏడుస్తన్నావేందే? పోయిందా?"

"లేదమ్మా, నెగ్గాను."

నమ్మినట్టు లేదు. కన్నీళ్లు తుడవబోయి నా మణికట్టు గుడ్డ విప్పింది. నేను చటుక్కున మొహం వెనక్కి లాక్కున్నాను. అమ్మ నన్ను చూసింది, గుడ్డను చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. వద్దని నేను అరిచేలోపే దాన్ని తన రెండు కళ్లకూ గట్టిగా అదుముకుంది.

ఆ గేటు ముందు అందరూ చూస్తుండగా ఇద్దరం కళ్లు మూసుకుని, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నిలబడ్డాం.

"ఈ మంటతోనా పరిగెత్తావు?"

"కళ్లు మూసుకుని కలగన్నానమ్మా. పక్క సాల్లో నువ్వున్నావు, పత్తి తీస్తన్నావు."

అమ్మ భయంభయంగా అడిగింది.

"నేనెక్కడా చెయ్యాపలేదు గదా?"