కుంపటి బయట పెట్టి పండుకోండ్రి

పీహెచ్‌డీ చివరి రోజుల్లో నేను తార్నాకలో ఒక గల్లీలో, రెండంతస్తుల ఇంటి పైన, ఒంటి గదిలో ఉండేదాన్ని. హాస్టల్ గడువు అయిపోయింది, థీసిస్ మాత్రం కాలేదు. నా గదికి ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే ఎదురుగా ఒక అపార్ట్‌మెంటు, దాని గేటు పక్కన వాచ్‌మన్ కుటుంబం ఉండే రేకుల గది కనిపించేవి. తెల్లవారుజామున ఐదున్నరకు ఆ గల్లీలోకి అందరికన్నా ముందు అడుగుపెట్టేది బల్దియాలో రోడ్లు ఊడ్చే సఫాయి పని చేసే ఒకామె. యాభై దాటిన మనిషి. గోల్నాక నుంచి మొదటి బస్సుకు వచ్చేది. నేను ఆమెను అక్కా అనేదాన్ని. ఆమె నన్ను బిడ్డా అనేది.

మా పరిచయం తిట్టుతోనే మొదలైంది. ఒక డిసెంబరు పొద్దున నల్ల స్వెటరు, నల్ల చున్నీ వేసుకుని క్యాంపస్‌లో నడవడానికి బయలుదేరాను. మంచు దట్టంగా పట్టి ఉంది. మెయిన్ రోడ్డు మలుపు దగ్గర పొడుగు చీపురు అడ్డం పెట్టి ఆపింది.

"యాడికి బిడ్డా?"

"క్యాంపస్‌కు అక్కా. వాకింగ్."

"గీ మంచుల గంత నల్లగ పోతే లారీవానికి ఏం కనపడ్తవ్? పో, తెల్లది కప్పుకొని రా."

నాకు కోపం వచ్చింది. పొద్దున్నే ముక్కూ మొహం తెలియని మనిషి చెప్తే వినాలా అనిపించింది. కానీ ఆమె చీపురు తియ్యలేదు. వెనక్కి వెళ్లి తెల్ల దుప్పటి కప్పుకొని వచ్చాను. అప్పుడు గమనించాను, ఆమె మెరిసే పట్టీల జాకెట్టు తొడుక్కొని, వచ్చే బండ్లకు ఎదురుగా నిలబడి ఊడుస్తున్నది. ఎందుకట్లా అని అడిగాను.

"ఈపు చూపెడితే వాడు నన్ను చూస్తడని నమ్మకమేంది? నేనే వాన్ని చూసుకుంట," అన్నది.

ఆ తర్వాత రోజూ మాట్లాడుకునేవాళ్లం. మాట్లాడుతున్నంతసేపూ ఆమె చెయ్యి ఆగేది కాదు. ఎవరింటి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో, ఎవరింట్లో ముసలాయనకు ఉబ్బసం ఉన్నదో, ఎవరి బాత్‌రూంకు కిటికీ లేదో ఆమెకు తెలుసు. క్యాంపస్ గోడ పక్క చెట్లు చలికాలంలో ఆకు రాలుస్తాయి. ఒకరోజు అపార్ట్‌మెంటు గేటు దగ్గర పేపరు చదువుతున్న ఒక పెద్దమనిషి, "ఎందుకమ్మా ఇంత కష్టం, ఒక్క అగ్గిపుల్ల గీస్తే అయిపోతది గదా," అన్నాడు.

"నాకైతే అయిపోతది సార్. మీ పక్కింటి తాతకు దగ్గు షురూ అయితది," అని ఆకులన్నీ గోనెసంచుల్లో కుక్కింది. నాలుగు సంచులయ్యాయి. చెత్త ఆటో వచ్చేదాకా వాటి పక్కనే నిలబడ్డది, ఎవరైనా అగ్గి పెడతారేమోనని.

ఆ చలికాలంలోనే వాచ్‌మన్ భార్యకు ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి నుంచి నేరుగా రేకుల గదికే తీసుకొచ్చారు. చూసుకోవడానికి ఊరి నుంచి అత్తగారు వచ్చింది. బాలింతకు, పసిగుడ్డుకు సెగ తగలాలని ఆమె పాత ఇనుప తట్టలో బొగ్గులు రాజేసి మంచం కింద పెట్టేది. రేకుల గది కాబట్టి చలి నేరుగా దిగుతుంది. కిటికీ సందుల్లో పాత చీరలు కూడా కుక్కింది.

పొద్దున తలుపు బయట బోర్లించిన ఆ తట్టను అక్క రెండు రోజులు చూసింది. మూడో రోజు ఆగి చెప్పింది. నేను పక్కనే ఉన్నాను.

"అవ్వా, సెగ మంచిదే గని, తలుపు కొంచెం సందు ఉంచుండ్రి."

"ఆరుగురిని కన్న నేను. అందరికి గిట్లనే సెగ పెట్టిన్రు. నువ్వొచ్చి నాకు చెప్తవా?"

"మీ ఊర్ల పెంకుటిల్లు అవ్వా. పెంకుల సందులకెల్లి గాలి ఆడ్తది. గీడ గాలేది?"

ముసలామె లోపలికి పోయింది. అక్క ఊడ్చుకుంటూ ముందుకు సాగింది. నేను ఆ సంగతి మరిచిపోయాను.

నాలుగైదు రోజులకు చలి బాగా ముదిరింది. ఆ పొద్దున నేను చాయ్ పెట్టుకుంటుంటే కింద తలుపు దబదబ బాదుతున్న చప్పుడు వినిపించింది. కిటికీలోంచి చూస్తే అక్క, రేకుల గది ముందు. వాచ్‌మన్ రాత్రి డ్యూటీ చేసి పార్కింగ్‌లో కుర్చీలోనే కునుకు తీసినట్టున్నాడు. కళ్లు నులుముకుంటూ వచ్చి ఆమెను అడ్డుకుంటున్నాడు.

"ఏందక్కా నీ లొల్లి? రాత్రంత పిల్ల ఏడ్సింది. ఇప్పుడే కండ్లు మూసినట్టున్నరు. పండుకోనియ్."

"తమ్మీ, మీయమ్మ గీ యాళ్లకు బయట యాపపుల్ల ఏసుకుంట కూసుంటది. ఇయ్యాల లేదు. కుంపటి బయట లేదు. పిల్ల సప్పుడు లేదు. తలుపు తియ్యి."

"లోపల గొళ్లెం ఉన్నది."

"అయితే పలగ్గొట్టు!"

అతను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. అక్క చీపురు తిరగేసి, కర్రతో తలుపు పైన ఉన్న చిన్న అద్దాన్ని ఒక్క పోటు పొడిచింది. అద్దం పగిలిన చప్పుడుకు కూడా లోపలి నుంచి ఎవరూ పలకలేదు. అప్పుడు అతని ముఖం మారిపోయింది. నేను మెట్లు దిగి వచ్చేసరికి ఇద్దరూ భుజాలతో తలుపును నెడుతున్నారు. మూడో నెట్టుకు గొళ్లెం ఊడింది.

లోపల పొగ లేదు. వాసన కూడా పెద్దగా లేదు. ముగ్గురూ హాయిగా నిద్రపోతున్నట్టే ఉన్నారు.

"ముందుగాల పిల్లను పట్టుకో బిడ్డా. బయటికి ఉరుకు. నువ్వు లోపల నిలబడకు!" అని అరిచింది అక్క. పసిగుడ్డును ఎత్తుకొని గేటు బయటికి పరిగెత్తాను. నా చేతుల్లో ఆ పిల్ల తడిగుడ్డలా వేలాడింది. వెనక వాచ్‌మన్ భార్యను మోసుకొచ్చాడు. అక్క ముసలామెను చంకల కింద చేతులు వేసి ఈడ్చుకొచ్చింది. నేను అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. చల్లగాలి ముఖానికి కొట్టిందో ఏమో, పిల్ల కాళ్లు కదిలించింది. తర్వాత పిల్లికూన లాంటి సన్నటి ఏడుపు. నేను రోడ్డు మీదే కూలబడి పిల్లతో పాటు ఏడ్చాను.

ముసలామెకు కొంచెం తెలివి వచ్చింది. వాంతి చేసుకుంది. కళ్లు తెరవగానే అన్న మొదటి మాట, "బాలింతను సలిలకు గుంజుకొచ్చిన్రా?"

"తిట్టవ్వా, తిట్టు. నువ్వు తిడుతుంటే పానానికి నిమ్మలంగున్నది," అన్నది అక్క.

అంబులెన్స్ ముగ్గురినీ తీసుకుపోయింది. వాచ్‌మన్ వెంట వెళ్లాడు. జనం గుమిగూడి ఏమైందని నన్ను అడుగుతున్నారు. తలతిప్పి చూస్తే అక్క పగిలిన అద్దం ముక్కలు చీపురుతో ఒక్కచోటికి చేరుస్తున్నది. కాసేపు కూర్చోమన్నాను.

"ఇంక రెండు గల్లీలున్నయి బిడ్డా," అంటూ చెత్త బండి తోసుకుంటూ పోయింది.

మూడు రోజులు ఆక్సిజన్ పెట్టి, ముగ్గురినీ ఇంటికి పంపారు. ఇంకో గంట ఆలస్యమైతే చేతులెత్తేసేవాళ్లమని డాక్టరు చెప్పాడట.

తర్వాత ఒకరోజు చాయ్ కొట్టు దగ్గర అడిగాను, ఆమెకు అంత కచ్చితంగా ఎట్లా తెలిసిందని. గ్లాసు రెండు చేతులతో పట్టుకొని చెప్పింది.

"మా అక్క గట్లనే పోయింది. అప్పుడు అంబర్‌పేట్‌ల కిరాయి అర్ర. బాలింత. తెల్లారి తలుపు తీస్తే తల్లి పిల్ల పండుకున్నట్టే ఉన్నరు. అందరు దయ్యం పట్టిందన్నరు. శాన ఏండ్లు నేను గదే అనుకున్న. ఈ కొలువుల చేరినంక ఒక ట్రైనింగ్‌ల చెప్పిన్రు, బొగ్గుల గ్యాస్ అని. అప్పుడు తెల్సింది నాకు." చాయ్ తాగేసి గ్లాసు తనే కడిగి పెట్టింది.

ఈ సంగతి వార్డు సూపర్‌వైజర్ దాకా పోయింది. మంచి మనిషి. చెత్త ఆటో మైకులో చలికాలం జాగ్రత్తలు వినిపించాలని అనుకొని నా దగ్గరికి వచ్చాడు. "మేడం, మీరు తెలుగే చదువుతున్నరు గదా, నాలుగు ముక్కలు రాసియ్యుండ్రి," అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. రాత్రి కూర్చొని రాశాను. పొద్దున అక్కకు చదివి వినిపించాను.

"నగర పౌరులకు విజ్ఞప్తి. శీతాకాలంలో మూసివున్న గదులలో బొగ్గుల కుంపట్లు వినియోగించుట ప్రాణాంతకము..."

"గిది ఎవలికి చెప్తున్నవ్ బిడ్డా?"

"అందరికీ అక్కా."

"అందరికి అంటే ఎవ్వలికి గాదు. ఆ ముసలవ్వ నీ ముంగట కూసున్నదనుకో. ఆమెకు చెప్పు."

నేను పెన్ను తీశాను. "కుంపటి పెట్టుకోవద్దు..." అని మొదలుపెట్టాను.

"వద్దంటే ఇంటదా? బాలింతకు సలి పెడ్తది గదా. అది అబద్ధం గాదు. ఎట్ల పెట్టుకోవాల్నో చెప్పు."

అన్నేళ్లు భాష చదువుకున్నాను. వినే మనిషి అవసరం ఏమిటో ముందు ఆలోచించాలని నాకు ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఎక్కడా ఒక్క మాట మార్చబుద్ధి కాలేదు. నా గొంతుతో రికార్డు చేసి చూస్తే రేడియో వార్తల్లా ఉంది. అక్కనే చదవమన్నాను.

"చదువుడు నాతోటి గాదు. చెప్తా," అన్నది.

ఆదివారం డిపార్ట్‌మెంట్‌లో నిశ్శబ్దంగా ఉంటుందని తీసుకెళ్లాను. ఇరవై ఏళ్లుగా క్యాంపస్ పక్కనే ఊడుస్తున్నా ఆ రాతి మెట్లు ఎప్పుడూ ఎక్కలేదట. క్లాస్‌రూంలో చివరి బెంచీ మీద కూర్చోబోతే ముందుకు రమ్మన్నాను. ఫ్యాను ఆపి, ఫోన్ బల్ల మీద పెట్టాను. మొదటిసారి మధ్యలో బయట నెమలి అరిచింది. రెండోసారి ఆమెకు నవ్వొచ్చింది. మూడోసారి కళ్లు మూసుకొని చెప్పింది.

"అవ్వా, అక్కా, సలి పెడ్తున్నది, నిజమే. కుంపటి పెట్టుకుంటే తలుపు, కిటికీ తీసి పెట్టుండ్రి. పండుకునే ముందల కుంపటి బయట పెట్టి పండుకోండ్రి. బొగ్గుల గాలికి పొగ రాదు, వాసన రాదు. నిద్రల్నే పానం తీస్తది. గ్యాస్ గీజర్‌ల గూడ గదే గాలి, అది ఉన్నోళ్లు బాత్‌రూం కిటికీ తీసి తానం చెయ్యుండ్రి. తల తిరిగినట్టయితే ముందుగాల బయటికి రాండ్రి."

గదిలో ఇద్దరమే ఉన్నాం. ఆమె కళ్లు తెరిచేదాకా నేను ఫోన్ ముట్టుకోలేదు.

ఆ వారం నుంచి మా గల్లీలో పొద్దునపూట ఆ గొంతు వినబడింది. వాచ్‌మన్ తల్లి గేటు దగ్గర నిలబడి మనవరాలిని ఎత్తుకొని విన్నది. విని, "నాకే చెప్తున్నది," అని అందరితో అన్నది. ఆమె మాటల్లో కోపం లేదు.

నెల తిరగకుండా నేను ఒక పని మీద కాచిగూడ వెళ్లాను. స్టేషన్ వెనక లాడ్జీల గల్లీలో నడుస్తుంటే చెత్త ఆటోలో అక్క గొంతు! ఆ రికార్డు ఫోన్ల మీద ఒకరి నుంచి ఒకరికి పోయిందట. ఆ డ్రైవర్‌కు అది ఎవరి గొంతో తెలియదు. మరునాడు పరుగున వెళ్లి అక్కకు చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

"గీజర్ ముచ్చట దాక ఇనిపిస్తున్రా?" అని అడిగింది.

గుర్తు తెచ్చుకున్నాను. లేదు. ఆటో గల్లీ మలుపు తిరిగేసరికి డ్రైవర్ మళ్లీ మొదటి నుంచి పెడుతున్నాడు. ఆ మాటే చెప్పాను.

చీపురు గోడకు ఆనించింది. "లాడ్జీలల్ల బొగ్గులెవరు పెడ్తరు? ఆడ గ్యాస్ గీజర్లే ఉంటయి. దాన్ని ముందుగాల పెట్టాలె బిడ్డా. వచ్చే ఐతారం నీకు పురుసతున్నదా?"

ఉన్నది, ఆదివారం మళ్లీ డిపార్ట్‌మెంట్‌లోనే రికార్డు చేద్దామన్నాను.