పెద్దాయన గొలుసు

మా బావ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. ముప్పై రెండేళ్ళుగా అదే షాపు, అదే బల్ల. కానీ ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే ఆ సంగతి ఎత్తడు. "పాత సర్వే సామాన్లు సేకరిస్తుంటానండీ" అంటాడు. ఇంటిని పాత ఇనప కొట్టు చేసి పెట్టాడంటుంది మా అక్క. నన్నడిగితే ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

వాళ్ళ ముందుగదిలో మనిషి కూర్చోడానికి చోటుండదు. రెండు థియోడలైట్లు (కోణాలు కొలిచే దుర్భిణులు), నాలుగు దిక్సూచులు, మూడుకాళ్ళ స్టాండ్లు, ఇత్తడి స్కేళ్ళు. నాకు వ్యాన్ ఉన్న పాపానికి, ఎక్కడ ఏ పాత ఆఫీసు ఖాళీ చేస్తున్నా మోత నాకే. పైగా దారి పొడుగునా బుర్ర తినేస్తాడు. "ఇదిగో, దీని అడుగున నంబరు చూడు. దీంతో మూడు కాలవలకి కొలతలు తీశార్రా." వెనకటి థియోడలైట్లలో అద్దం మీద కనిపించే అడ్డగీత, నిలువుగీత సాలెపురుగు దారంతో వేసేవాళ్ళట. ఆ దారం కోసమని గదిలో ఒక మూల బూజు దులపడానికి వీల్లేదని అక్కకి చెప్పాడు. చీపురు పట్టుకుని ఆ మూలకేసి ఆవిడ చూసే చూపు నాకు తెలుసు. సాలెపురుగు కాబట్టి ఇంకా అక్కడే ఉంది, మనిషైతే ఎప్పుడో ఇల్లు ఖాళీ చేసేవాడు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఏ సామాను తెచ్చినా ముందు దానికి పరీక్ష పెడతాడు. వరండా గచ్చు మీద స్టీలు టేపుతో కొలిచి గీతలు కొట్టుకున్నాడు. వాటితో సరిచూసి, ఈ స్కేలు ఇంత ఎక్కువ చూపిస్తుంది, ఈ ముల్లు ఇంత పక్కకి పోతుంది అని అట్ట ముక్క మీద రాసి దానికే కడతాడు. అట్ట లేని సామాను ఆ ఇంట్లో ఒక్కటే. గోడకి వేలాడే, భూములు కొలిచే ఇనప గొలుసు. వంద అడుగుల గొలుసు, అడుగుకో లింకు, పదేసి లింకులకి ఒక ఇత్తడి బిళ్ల. అది వాళ్ళ నాన్నది.

ఆ పెద్దాయన సర్వేయరు. అంగుళం తేడా రానివ్వడని పేరు. మా బావకి పదహారేళ్ళప్పుడు ఒక పొలం కొలిచి రమ్మని పంపిస్తే అరడుగు తేడాతో తిరిగొచ్చాడట. "నీ చేతికి కొలత నిలవదు, వేరే పని చూసుకో" అన్నాడు పెద్దాయన. ఆ తర్వాత గొలుసు ముట్టనివ్వలేదు. ఆయన పోయి పన్నెండేళ్ళయినా ఆయన ఫోటో ముందు మా బావ చేతులు కట్టుకునే నిలబడతాడు. అది చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. అరడుగు కోసం కన్నకొడుకుని అంత మాట అంటారా ఎవరైనా?

ఒకరోజు సాయంత్రం మా ఊరి ఆటస్థలం పక్కింటి టైలరమ్మ నోటీసు పట్టుకుని వచ్చింది. భర్త లేడు. ముందుగదిలో రెండు కుట్టుమిషన్లు పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. రికార్డులో ఆటస్థలం పొడవు మూడు గొలుసులు, అంటే మూడు వందల అడుగులు. ఆ మధ్య సర్వే ఆఫీసువాళ్ళు కొత్త సర్వే మిషన్‌తో అవతలి మూలరాయి నుంచి మళ్ళీ కొలిస్తే, చివరి మూడడుగులు ఈవిడ ముందుగదిలో పడ్డాయి. పదిహేను రోజుల్లో గోడ తీసేయాలట.

"అన్నయ్యగారూ, మా గోడ పక్క హద్దురాయి మీ నాన్నగారు పాతిందే. దాన్ని దాటి మేము ఒక్క ఇటుక పెట్టలేదు. రికార్డూ ఆయన రాసిందే అంటున్నారు. మరి రెండింటికీ తేడా ఎలా వస్తుంది? ఆ గది పోతే నేను మిషన్లు ఎక్కడ పెట్టుకోను?"

చూస్తానమ్మా అని పంపించాడు. ఆవిడ వెళ్ళాక కుర్చీలో కూలబడి, "మూడు గొలుసులకి మూడడుగులు తేడా. గొలుసుకో అడుగు" అన్నాడు. గోడ వైపు చూడకుండా అన్నాడు.

నా నోరు ఊరుకోదు కదా. "అన్నిటికీ అట్టలు కట్టావు. దానికి కట్టలేదేం బావా?"

"నోరు మూసుకుని ఇంటికి పో." ఇన్నేళ్ళలో నన్ను అంత మాట అనడం అదే మొదలు.

నాలుగు రోజులు గొలుసు జోలికి పోలేదు. అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడని అక్క ఫోన్ చేసింది. ఐదో రోజు పొద్దున్నే తనే పిలిచాడు. గొలుసు దించి వరండాలో పరిచి, బిళ్లకీ బిళ్లకీ మధ్య లింకులు లెక్కపెట్టాడు. పది, పది, పది. ఏడో బిళ్ల ముందు తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. తన మీద నమ్మకం లేక నన్నూ లెక్కపెట్టమన్నాడు. తొమ్మిదే. కొలిచేవాళ్ళు బిళ్లలు చూసుకుంటారు గానీ లింకులు ఎవరు లెక్కపెడతారు? అక్కడ లింకుల్ని కలిపే కడియాన్ని విప్పి మళ్ళీ మూసి, పైన ఆకురాయితో నున్నగా రుద్దారు. మా బావ షాపు భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. పెద్దాయన ఆకురాయి ఎప్పుడూ ఏటవాలుగా పట్టేవాడట, అతుకు మీద గీతలూ అలాగే ఉన్నాయి. గొలుసు పిడి మీద నంబరూ, పెద్దాయన కొలతల పుస్తకంలో ఆటస్థలం పేజీ మీద ఉన్న నంబరూ ఒకటే.

మర్నాడు గొలుసుతో సహా సర్వే ఆఫీసుకి వెళ్ళాం. ఆఫీసరు వసారాలో గొలుసు పరిపించి పక్కన టేపు లాగించారు. తొంభై తొమ్మిది. ఆయన మంచివాడే. మమ్మల్ని లోపల కూర్చోబెట్టి, "మీ నాన్నగారంటే ఇక్కడ ఇప్పటికీ గౌరవం. ఆయన పేరెందుకు బయటపెట్టడం? ఏళ్ళ తరబడి వాడి గొలుసు అరిగి పొట్టిదైందని రాసివ్వండి, ఇవాళే నోటీసు కొట్టేస్తాను" అన్నారు.

నేను బల్ల కింద బావ కాలు తొక్కాను. ఆవిడ గోడ నిలుస్తుంది, పెద్దాయన పేరూ నిలుస్తుంది, ఇంకేం కావాలి?

"అరిగితే గొలుసు పొట్టిదవదండీ, సాగుతుంది" అన్నాడు మా బావ. "లాగి లాగి కడియాలు తెరుచుకుంటాయి. మీరు బదిలీ అయ్యాక, సర్వే తెలిసినవాడు ఎవరైనా ఈ కాగితం చదివితే నవ్వి అవతల పారేస్తాడు. ఆవిడకి మళ్ళీ నోటీసు వస్తుంది. లింకు తీసేస్తేనే పొట్టిదవుతుంది. అదే రాయాలి."

రాశాడు. వాళ్ళ నాన్న పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాడు. లింకు ఒకటి పోతే ఆఫీసుకి చెప్పకుండా ఆయనే గొలుసు అతికి, దాంతోనే ఈ కొలతలు తీశారని రాశాడు.

ఆఫీసరు చదివి, కాగితం మెల్లిగా వెనక్కి జరిపారు. "అతికింది ఆయనేనని మీకెలా తెలుసో అది కూడా రాయాలండీ. లేకపోతే ఇది చెల్లదు."

మా బావ పెన్నుకి మూత పెట్టి, మళ్ళీ తీశాడు. ఆ పెద్దాయన్ని నేను జీవితంలో ఎన్ని మాటలన్నానో లెక్కలేదు. ఆ క్షణంలో మాత్రం ఇంకెవరైనా అతికి ఉంటే బాగుండునని నాకే అనిపించింది.

మా బావ కాగితం మీదికి వంగి, మిగిలిన ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాడు. "ఆ అతుకు ఆయన చేతిపనే, నేను గుర్తుపట్టగలను, నేను ఆయన కొడుకుని."