ఇసేలా గోడతో ఏం మాట్లాడింది

డెల్ఫినాది మా పక్కిల్లే. బడి వంటశాలలో పనిచేసేది. మొగుడు పోయి, సొంత పిల్లలు వేరే ఊళ్ళల్లో స్థిరపడ్డాక, కోర్టు అప్పగించే దిక్కులేని పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని సాకడం మొదలుపెట్టింది. నోరు పెద్దదేగానీ పిల్లల మీద చెయ్యెత్తగా నేను చూడలేదు.

ఓ వేసవి మొదట్లో ఆవిడ దగ్గరికి ఇసేలాని తెచ్చారు. ఏడేళ్ళ పిల్ల. చలికాలంలో ద్రాక్షతోటకి కూలీల్ని తీసుకెళ్ళే వ్యాను పొగమంచులో బోల్తాపడి తల్లి పోయింది. అప్పటికి మెక్సికో కొండల్నించి ఇద్దరూ ఈ దేశం వచ్చి నెలైనా కాలేదట. నా అన్నవాళ్ళెవరూ లేరన్నారు. బట్టల సంచితోపాటు రెండు మందుసీసాలు కూడా ఇచ్చాడు కర్టిస్. పిల్లల సంక్షేమశాఖ ఉద్యోగి అతను.

"లేని గొంతులేవో వినిపిస్తాయమ్మా దీనికి. గోడవైపు తిరిగి అర్థంపర్థం లేకుండా గొణుగుతుంది. డాక్టరుగారు రాశారు, జడ్జిగారు ఒప్పుకున్నారు. మాన్పించాలన్నా, పెంచాలన్నా జడ్జిగారే చెప్పాలి. నీ అంతట నువ్వు మాత్రం మానెయ్యకు."

మానెయ్యలేదు డెల్ఫినా. వేళకి వేసేది. పిల్ల పళ్ళెం ముందే తూగేది. చేతులు వణికేవి. మొహం ఉబ్బింది. స్పానిష్‌లో ఏమడిగినా "సరే" అనేది. ఆకలేస్తోందా అన్నా సరే, కడుపునొప్పా అన్నా సరే. సందు దొరికితే గోడ దగ్గర కూర్చుని గొణుగుడు.

"పాపం వదినా, బుర్ర చెదిరిపోయింది దీనికి," అనేది నాతో.

ఓ ఆదివారం సంతకి వెళ్ళాం ముగ్గురం. తమాలెలు, అదే, ఆవిరిమీద ఉడికించిన మొక్కజొన్నపిండి పొట్లాలు అమ్మే ఆవిడ దగ్గర నిలబడ్డాం. ఫ్రోసీనా అని, కొత్తగా వచ్చింది. ఇసేలా ఆ బల్ల కాలు పట్టుకుని తనలో తాను గొణగడం మొదలెట్టింది. ఫ్రోసీనా చేతిలోని గరిటె ఆగిపోయింది. వంగి, పిల్ల మొహంలోకి చూసి, రెండు ముక్కలేవో అంది.

ఇసేలా చటుక్కున తలెత్తింది. అంత వేగంగా ఆ పిల్ల కదలడం నేనెప్పుడూ చూడలేదు. గడగడా మాట్లాడేస్తోంది. ఫ్రోసీనా జవాబిస్తోంది. కాసేపటికి మావైపు తిరిగింది.

"ఇది పిచ్చి గొణుగుడు కాదే తల్లీ! మెక్సికో కొండల్లో మేం మాట్లాడుకునే మిష్టెకో భాష. స్పానిష్ దీనికి రానే రాదు," అంది ఫ్రోసీనా. తర్వాత గొంతు తగ్గించింది. "వాళ్ళమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతోంది. అందర్నీ అడిగిందట, ఎవరూ చెప్పలేదట. దీనికి చెప్పలేదా మీరు?"

చెప్పారు. కర్టిస్ చెప్పాడు, ఇంకెవరో ఆవిడా చెప్పింది, అందరూ స్పానిష్‌లోనే చెప్పారు. పిల్ల "సరే" అంది. తల్లి చచ్చిపోయిందంటే కన్నీటిచుక్క కూడా రాల్చలేదని అది కూడా జబ్బు కిందే లెక్కేశారు.

ఆ సాయంత్రం డెల్ఫినా వంటింట్లో ఫ్రోసీనా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెప్పింది. ఇసేలా ఒక్కటే అడిగింది. పూడ్చేటప్పుడు అమ్మ కాళ్ళకి చెప్పులున్నాయా అని. పోయినవాళ్ళు చాలా దూరం నడవాలని వాళ్ళ నమ్మకమట. మాలో ఎవరికీ తెలీదు. అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపు పక్కన మా ఇంట్లోవాళ్ళకీ వినబడింది.

మర్నాడు డెల్ఫినా ఫోను చేసి జరిగిందంతా చెప్తే కర్టిస్ ఏమన్నాడో తెలుసా?

"అంత గట్టిగా ఏడుస్తోందా? అయితే మోతాదు పెంచమని డాక్టరుకి చెప్పమంటావా?"

"తల్లి పోయిందయ్యా దానికి! నిన్ననే పోయింది! నీ తల్లి పోతే నువ్వు నవ్వుతావా?" అని అరిచి ఫోను పెట్టేసింది. తర్వాత చాలాసేపు మా మెట్లమీద కూర్చుంది. సీసాలు పారెయ్యాలనే ఉంది ఆవిడకి. ఒక్కసారిగా ఆపితే పిల్లకే ప్రమాదమని క్లినిక్‌లో నర్సు హెచ్చరించింది. పైగా జడ్జి మాట లేకుండా ఆపితే పిల్లని తీసుకెళ్ళిపోతారు. అందుకే ఏడుస్తూనే ఆ రోజూ మందు వేసింది.

పిల్ల తరఫున కోర్టు పెట్టిన లాయరుకి డెల్ఫినా చెబితే, ఆవిడే వెంటపడి విచారణ పెట్టించింది. లోపలికి నన్ను రానివ్వలేదు, జరిగింది డెల్ఫినా చెప్పిందే.

జడ్జి లింద్‌క్విస్ట్ అనే నడివయసు ఆవిడ. ఇసేలాని చూడ్డం అదే మొదలు. అంతకుముందు రెండుసార్లూ కాగితాల మీదే ఒప్పుకుంది. డాక్టరు ఫోనులో ఉంటే ముందు ఆయన్నే అడిగింది.

"పిల్ల మాట పొంతనలేనిదని ఎలా తేల్చారు?"

"దుబాసీ ఉన్నారు జడ్జిగారూ. ఆయనకి కూడా ఒక్క ముక్క అర్థం కాలేదన్నారు."

"ఏ భాష దుబాసీ?"

"స్పానిష్."

జడ్జి కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "ఆ ముక్క నేను ముందే అడగాల్సింది. రెండుసార్లు సంతకం పెట్టాను," అంది. మిష్టెకో దుబాసీ చేత పిల్లతో మాట్లాడించింది. ఇంకో డాక్టరుకి చూపించమంది. మందులు మెల్లగా తగ్గించమని, పదిహేను రోజులకోసారి తనకి చెప్పమని ఆజ్ఞ రాసింది.

చలి మొదలయ్యేసరికి మందులు పూర్తిగా పోయాయి. వణుకు తగ్గింది. ఆ మందుల వల్ల కింది పెదవి మాత్రం ఇప్పటికీ అదాటున ఒక పక్కకి లాగుతుంది. పోతుందో పోదో కొత్త డాక్టరు చెప్పలేకపోయాడు.

ఫ్రోసీనా వాళ్ళ మనుషులు నలుగురినీ విచారించి ఆరెగాన్ రాష్ట్రంలో పిల్ల మేనత్తని పట్టుకున్నారు. జడ్జి ఒప్పుకుంది. పంపే రోజు డెల్ఫినా పిల్ల జడ రెండుసార్లు విప్పి మళ్ళీ వేసింది.

"ఉంచేసుకోవాలనుంది వదినా," అంది కారు వెళ్ళాక. "కానీ నా ఇంట్లో దాని మాట అర్థమయ్యేవాళ్ళు ఎవరున్నారు?"

అప్పుడప్పుడు ఆరెగాన్ నించి ఫోనొస్తుంది. పిల్ల మిష్టెకో, స్పానిష్ రెండూ కలిపి దంచేస్తుందట. డెల్ఫినా స్పీకరు పెట్టి గిన్నెలు తోముకుంటూ వింటుంది. అర్థంకాని చోట ఆపి మళ్ళీ అడుగుతుంది.