దించాకే స్తోత్రం

పక్కింటి గ్యారేజీలో ఎవరో వ్యాయామం చేస్తూ ఇనుప బిళ్ళ మీద ఇనుప బిళ్ళ పెట్టారు. ఠంగుమన్న ఆ చప్పుడు కంచె దాటి వచ్చేసరికి, వేకువ ప్రార్థనలో ఉన్న నాకు సామ్యూలు అంకుల్ గుర్తొచ్చారు. ప్రభువు క్షమించాలి, ఆ పూట ప్రార్థన ఇక ముందుకు సాగలేదు.

నేను సిడ్నీకి వచ్చింది వైటూకే పనిమీద. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయన్న భయమే మాలాంటివాళ్ళకు వీసాలిప్పించిన రోజులవి. ఒంగోలు నుంచి వచ్చిన అంకుల్ కూడా మా ఆఫీసులోనే పాత ప్రోగ్రాములు సరిచేసేవారు. ఆదివారం సాయంత్రాలు హారిస్ పార్క్‌లో ఆయన అద్దె ఇంటి హాల్లో ప్రార్థనకు మా తెలుగు సంఘం కూడేది. ఆయనే సంఘ పెద్ద. వాక్యం చదవడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. చదివిన వాక్యం మనుషుల మధ్య ఎలా మసలుతుందో ఆయన దగ్గర చూశాను.

హాలు పక్కగదిలో పెద్ద జిమ్ యంత్రం ఒకటి ఉండేది. అంకుల్ భార్య రూతమ్మ ఆంటీకి పక్షవాతం వచ్చి ఎడమవైపు చచ్చుబడితే, వ్యాయామం కోసం ఆయన ఎక్కడో పాతది వెతికి తెచ్చారు. ఆంటీ రోజూ దాని ముందు కూర్చుని, అన్నిటికంటే తేలికైన బరువును ఎడమచేత్తో కిందికి లాగేది. తర్వాత ఆ ఇనుప స్తంభం పట్టుకుని లేచి నిలబడేది. ఇంక దేన్ని పట్టుకున్నా ఆమెకు భయమే. కుర్చీ జరుగుతుందనేది, అంకుల్ చెయ్యి వణుకుతుందనేది. "ఇదొక్కటే నాతోపాటు ఊగదు," అని నవ్వేది.

కొత్త సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ ఆగలేదు. ఆ ఏటి చలికాలంలో ఇంటి యజమాని ఇల్లు అమ్మేశాడు. అంకుల్‌కు వెస్ట్‌మీడ్‌లో చిన్న ఇల్లు దొరికింది. సామాన్లు మార్చేవాళ్ళు అన్నీ తీసుకెళ్తామన్నారు గానీ, ఆ యంత్రం జోలికి రామన్నారు. అది విరిగితే ఆంటీ మళ్ళీ మంచం పట్టినట్టే. ఆ సంగతి అందరికీ తెలుసు.

శనివారం పొద్దున సంఘం నుంచి నలుగురం వెళ్ళాం. గుంటూరు కుర్రాడు విక్టర్ మాలో బలశాలి. "విప్పడమెందుకు అంకుల్? తలా ఓ పక్క పట్టుకుంటే మధ్యాహ్నానికల్లా సెట్ చేసేస్తాం," అన్నాడు. అంకుల్ కాసేపు తటపటాయించి, బరువుల బిళ్ళలు మాత్రం తీయించి, చిన్న ప్రార్థన చేసి సరేనన్నారు.

ఎత్తాం. గది గుమ్మం దగ్గర యంత్రం వెంట్రుకవాసిలో గోడకు తగలకుండా తప్పింది. ఆ సంతోషంలో అంకుల్ నోటివెంట "స్తోత్రం!" అని వచ్చేసింది. మా సంఘంలో ఆ మాట వింటే చేతులు పైకి లేవాల్సిందే. విక్టర్ చేతులు రెండూ లేచాయి.

యంత్రం నా మీదికి ఒరిగింది. భుజం గోడకు నొక్కుకుపోయింది. పైకొస గుమ్మానికి తట్టుకుని ఆగింది కాబట్టి బతికాను.

"దించండి, దించండి!" అని అంకుల్ కేకేశారు. అవతల హాల్లోంచి ఆంటీ, "ముందు పిల్లోడిని చూడండయ్యా! అది పోతే పోయింది!" అంది.

భుజం కమిలింది, అంతే. విక్టర్ మాత్రం నా భుజం తడిమి తడిమి చూస్తున్నాడు. "సారీ అంకుల్, చేతులు వాటంతటవే..."

"నువ్వు దేవుడికే ఎత్తావులేరా. అన్నది నేనేగా! బరువు చేతుల్లో ఉండగా అనే మాటా అది? అవతలి కొసన మనిషున్నాడు. దించాకే స్తోత్రం," అన్నారు అంకుల్.

"ఇన్నేళ్ళూ 'చేతులెత్తండి, చేతులెత్తండి' అని మీరేగా అరిచింది. తీరా ఎత్తితే బిడ్డని బెదరగొడతారా?" అంది ఆంటీ. విక్టర్ ఏడవబోయి నవ్వేశాడు.

తర్వాత దాన్ని పూర్తిగా విప్పాం. బోల్టులన్నీ ఆంటీ ఒళ్ళోని గిన్నెలోకి చేరాయి. ఇనుప స్తంభాలకు పాత దుప్పట్లు చుట్టి, ఒక్కోదాన్ని ఇద్దరిద్దరం మోశాం. వెనక్కి నడిచేవాడు ఆగమంటే ఆగాలి, ఎందుకని అడగకూడదు. అంకుల్ ముందు నడుస్తూ మెట్టు, గుమ్మం అని మాత్రమే అనేవారు. బరువుల బిళ్ళల్ని వ్యాన్ అడుగున పరిచి, కదలకుండా కట్టాం.

కొత్త ఇంట్లో మళ్ళీ బిగించాక అంకుల్ తానే దానికి వేలాడి చూశారు. ఆపైన ఆంటీని తీసుకొచ్చారు. ఆమె స్తంభం పట్టుకుంది. సగం లేచి కూలబడింది. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి నిలబడింది.  స్తోత్రం అనడానికి మాలో ఎవరి పెదవీ కదల్లేదు. ఆమె మెల్లగా కూర్చుని, మమ్మల్నందరినీ చూసి, "ఏందయ్యా అట్టా బిగుసుకుపోయారు? కూర్చున్నాగా. ఇప్పుడనండి!" అంది.

ఇప్పుడు నేనూ సంఘ పెద్దనే. వీసా రాలేదనో, కడుపులో బిడ్డ నిలవలేదనో ఎవరైనా తలుపు తడితే, 'అంతా దేవుని చిత్తం, స్తుతించు' అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. అది సత్యమనే నమ్ముతాను. అయినా ఆపుకుంటాను. కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తాను. వాళ్ళు చెప్పుకోవడం అయ్యేదాకా నా చేతులు వాళ్ళ చేతుల మీదే ఉంటాయి.